లాకు పాఠం

18 జనవరి 2005, మంగళవారం

సెలవులు అయిపోయాయి. ల్యాబ్ తలుపు తీయగానే మూసిపెట్టిన గది వాసన. పదకొండు కంప్యూటర్లు, పదకొండు ప్లాస్టిక్ కవర్లు. ఏడు పనిచేస్తాయి. నాలుగు పనిచేయవని కంపెనీకి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ కొత్త కవర్లు పంపారు.

ఈ స్కూల్లో నేను టీచర్ని కాను. కంపెనీ మనిషిని. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, నిడదవోలులో ఇంట్లో కూర్చోలేక, రోజూ కాలవ గట్టు మీద బస్సులో ఇరవై నిమిషాలు వచ్చి ఈ హైస్కూల్లో టీచర్లకు కంప్యూటర్ నేర్పుతాను. వాళ్ళు నేర్చుకుని, కంపెనీ ఇచ్చిన సీడీల్లోని పాఠాలు పిల్లలకు చూపించాలి. ఒక్కొక్కరు వారానికి రెండు పీరియడ్లు. చూపించినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టాలి.

సంతకాలకు లోటు లేదు. ఫిజిక్స్ చెప్పే గణేష్‌బాబు గారు సోమవారం నాడే వారానికంతా పెట్టేస్తారు. ఇవాళ మంగళవారం కదండీ అన్నాను. సెలవులొచ్చాయి కదా మేడమ్, అందుకే ఒకరోజు లేటు, ఏమనుకోకండి అన్నారు.

ల్యాబ్‌లోకి చెప్పులతో రాకూడదన్నది కంపెనీ రూల్. దుమ్ము పడకూడదని. హెడ్మాస్టర్ భాస్కరం గారు దాన్ని వేరే రకంగా తీసుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి, వంగి, గడపను తాకి కళ్ళకద్దుకుని గాని లోపలికి రారు. అందుకే ఎక్కువగా రారు.

సాయంత్రం నిడదవోలు రైల్వే జంక్షన్ దగ్గర బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా ప్లాట్‌ఫాం మీద అరగంట కూర్చున్నాను. ఎక్కడికీ వెళ్ళేది లేదు.

20 జనవరి, గురువారం

రోజంతా కరెంటు లేదు. రిజిస్టర్ ప్రకారం ఆరు పాఠాలు చూపించారు.

24 జనవరి, సోమవారం

ఈ ఏడు నెలల్లో మొదటిసారి ఒకరు తమంతట తాము వచ్చి కంప్యూటర్ అడిగారు. ఆమె పేరు రామతులసి. విద్యా వాలంటీరు. అంటే పర్మనెంట్ టీచర్ల పోస్టులు ఖాళీగా ఉన్నచోట ఒక్క ఏడాదికి పెట్టుకునే మనిషి. ఏప్రిల్‌లో ఇంటికి పంపేస్తారు. జూన్‌లో హెడ్మాస్టర్ పేరు రాసి పంపితే మళ్ళీ వస్తారు, లేకపోతే లేదు. ఎనిమిదో తరగతికి ఫిజిక్స్ ఈవిడే చెబుతుంది. గణేష్‌బాబు గారికి తొమ్మిది, పది చాలట.

మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక వచ్చింది. చెప్పులు బయట విప్పి, వాటిని గోడవారగా సర్ది, లోపలికి వచ్చి నిలబడింది. కూర్చోమనేదాకా కూర్చోలేదు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద.

ద్రవాల పాఠం సీడీ పెట్టాను. అందులో ఓడలు కాలవలో ఎత్తు ఎక్కి దిగే బొమ్మ ఉంది. ఎక్కడో సముద్రాల మధ్య కాలవ. గొంతు ఎవరిదో గాని తెలుగును రైల్వే అనౌన్స్‌మెంటులా చదివారు. రామతులసి మొత్తం చూసింది. తరవాత అడిగింది, ఇదంతా మన లాకే కదండీ అని.

అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. వాళ్ళ నాన్న పోతురాజు గారు ఈ ఊరి లాకు మీద లస్కరుగా ముప్పై ఏళ్ళు చేశారు. కాలవలో పడవలు తిరిగే రోజుల్లో, వాటిని ఎగువ మట్టానికి ఎక్కించడానికీ దించడానికీ లాకు తలుపులు తీయడం, వేయడం ఆయన పని. పిల్లలు రోజూ ఆ లాకు మీంచి నడిచే స్కూలుకు వస్తారు. అది ఎందుకు కట్టారో ఒక్కరికీ తెలియదు. పుల్లైసులు తినడానికి కట్టారనుకుంటారండీ అంది.

ఇలాంటిది మనమే చెయ్యలేమా అని అడిగింది.

చెయ్యొచ్చు అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నేనూ ఎప్పుడూ చెయ్యలేదు.

28 జనవరి, శుక్రవారం

నాలుగు రోజులుగా భోజనాల టైములో ఇదే పని. పవర్‌పాయింట్‌లో నీలం డబ్బా నీళ్ళు. మట్టిరంగు గీతలు తలుపులు. పడవకు రెండు గీతలు, ఒక తెరచాప. తెరచాప ఉండకూడదండీ, లాకులోకి వచ్చేటప్పుడు దించేస్తారు అని తీయించింది.

మౌస్ పట్టుకోవడం రెండు రోజుల్లో వచ్చేసింది. గణేష్‌బాబు గారికి జూలై నుంచీ రాలేదు. ఆయన మౌస్‌ను గాల్లోకి లేపి స్క్రీన్‌కు చూపిస్తారు.

ఆమె పద్ధతి ఏంటంటే, ఇక్కడ చేసింది సాయంత్రం ఇంటికెళ్ళి కాగితం మీద గీసి వాళ్ళ నాన్నకు చూపిస్తుంది. ఆయన తప్పులు చెబుతాడు. మర్నాడు ఆ కాగితం తెస్తుంది. ఇవాళ్టి కాగితం మీద తలుపుల దగ్గర పెన్సిల్‌తో గట్టిగా కొట్టేసి ఉంది. రెండు తలుపులూ తిన్నగా గోడలా మూసుకోకూడదట. ఎగువకు ముక్కు పొడుచుకొచ్చినట్టు, చేతులు జోడించినట్టు మూసుకోవాలట. అప్పుడు నీళ్ళే వాటిని బిగించి పట్టుకుంటాయి. రెండు పక్కలా మట్టం ఒకటి కానంతవరకు పదిమంది తోసినా కదలదమ్మా, మట్టం ఒకటయ్యాక ఒక్కడు నడుం ఆనిస్తే చాలు అన్నాడట.

నాకు డిగ్రీలో ఫిజిక్స్ ఉంది. డెబ్బై నాలుగు మార్కులు. ఈ సంగతి తెలియదు.

ఫైల్ ఆమె ఫ్లాపీలోకి కూడా కాపీ చేస్తున్నాను. అది నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. స్కూల్లో ఉంచితే ఎవరో ఒకరు సైన్స్ ల్యాబ్‌లో అయస్కాంతాల పక్కన పెడతారు.

2 ఫిబ్రవరి, బుధవారం

ఎనిమిదో తరగతికి చూపించింది.

నలభై ఆరుమంది, ఒక మానిటర్. ముందువాళ్ళు కింద, వెనకవాళ్ళు బెంచీల మీద నిలబడి. ఆమె మౌస్ పట్టుకుని ప్రతి క్లిక్కుకీ ముందు ఆగింది. ఇప్పుడు ఏ తలుపు తియ్యాలి? ఎగువది అన్నారు సగంమంది. క్లిక్ చేసి చూపించింది. తలుపు కదలదు. అలా కదలనట్టు చెయ్యడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఎందుకు రాలేదు? నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు కొత్త. ఈ గదిలో పిల్లలు ఎప్పుడూ నిశ్శబ్దంగానే ఉంటారు, అది భయం వల్ల. ఇది వేరు.

వెనక బెంచీ మీంచి ఒకడు, అవతల నీళ్ళు తోస్తన్నాయి టీచర్ అన్నాడు. 

మొదటి స్లైడ్ మీద పాఠం పేరు, కింద "తయారు చేసినది: రామతులసి, విద్యా వాలంటీరు" అని ఉంది. నేను టైప్ చేస్తానంటే వద్దంది. తెలుగు కీబోర్డు మీద అక్షరం అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది. పన్నెండు నిమిషాలు.

7 ఫిబ్రవరి, సోమవారం

సర్క్యులర్ వచ్చింది. 22న ఏలూరులో జిల్లా స్థాయి పోటీ. ఉపాధ్యాయులు స్వయంగా తయారు చేసిన కంప్యూటర్ పాఠాలు. ఒక స్కూలు నుంచి ఒకటి.

భాస్కరం గారు నన్ను పిలిచి, మన లాకు పాఠం పంపుదామమ్మా అన్నారు. మన అన్నారు. రామతులసిని కూడా పిలిచారు. ఆవిడ తలుపు దగ్గరే నిలబడింది. ఆయన సర్క్యులర్‌లో ఒక లైను కింద వేలుపెట్టి చదివారు. రెగ్యులర్ ఉపాధ్యాయులు మాత్రమే. అందుకని గణేష్‌బాబు పేరు మీద పంపుదాం, కష్టం నీదేనని నాకు తెలుసు కదమ్మా, జూన్‌లో నీ పేరు మొట్టమొదట నేనే రాసి పంపుతాను, మాటిస్తున్నా అన్నారు. గణేష్‌బాబు గారు కిటికీలోంచి సైకిల్ స్టాండు చూస్తున్నారు. 

రామతులసి అలాగేనండి అంది. వెంటనే. ఆ తొందర నాకు నచ్చలేదు.

8 ఫిబ్రవరి, మంగళవారం

భోజనాల టైములో అడిగాను. కోపం రాలేదా అని. నేను వెళ్ళి హెడ్మాస్టర్ గారితో మాట్లాడతాను అని కూడా అన్నాను.

క్యారేజీ మూత పెట్టేసింది. మీరేం మాట్లాడకండి హైమగారూ అంది. నాకు పేరొద్దండి, జూన్ కావాలి. రెండేళ్ళయింది, ఇంకో ఏడాది చేస్తే మూడు. మూడేళ్ళు చేసినవాళ్ళకి డీఎస్సీలో మార్కులు కలుపుతారంటున్నారు. నిజమో కాదో తెలీదు. కలపకపోయినా, ఈ ఊళ్ళో నన్ను టీచరుగారూ అంటారు. అది పోతే లాకు మీద పోతురాజు కూతుర్ని. అందులో తప్పేం లేదండి, కాని రెండూ ఒకటి కాదు కదా.

ఇదంతా మెల్లగా, పాఠం చెప్పినట్టు చెప్పింది. తరవాత మళ్ళీ మూత తీసి తినడం మొదలుపెట్టింది.

10 ఫిబ్రవరి, గురువారం

కంప్యూటర్లో పేరు మార్చాను. గణేష్‌బాబు, స్కూల్ అసిస్టెంట్. నాకు నిమిషం కూడా పట్టలేదు.

17 ఫిబ్రవరి, గురువారం

రిహార్సల్. గణేష్‌బాబు గారు మాట్లాడతారు, రామతులసి పక్కన కూర్చుని క్లిక్ చేస్తుంది. మౌస్ ఆయన చేతికిస్తే ఏలూరులో అందరూ చూస్తారు గాల్లోకి లేపడం.

ఆయన మాటలు బట్టీ పట్టారు. బాగానే చెబుతున్నారు. చెడ్డ టీచరేం కాదు. పదో తరగతి పిల్లలకు ఆయనంటే ఇష్టం. కాని ఎప్పుడూ లాకు పనిచేస్తుండగా చూడలేదు. వాళ్ళది కాలవలు లేని మెట్ట ఊరు. రామతులసి గొంతు తగ్గించి, సార్, ముందు దిగువ తలుపు అంది. నువ్వు క్లిక్ చేసినదాన్ని బట్టి నేను చెబుతాలే అమ్మా, నువ్వు తప్పు చెయ్యకు చాలు అన్నారు ఆయన.

21 ఫిబ్రవరి, సోమవారం

నిడదవోలు నెట్ సెంటర్‌లో సీడీ రాయించి గణేష్‌బాబు గారికి ఇచ్చాను. పైన మార్కర్‌తో స్కూలు పేరు రాశాను. రేపు పొద్దున్నే పాసింజరు.

22 ఫిబ్రవరి, మంగళవారం. సాయంత్రం 6.40, రైల్లో

సీడీ పనిచేయలేదు. ఫ్లాపీ పెట్టాం. సెకండ్ ప్రైజు.

ఎక్కువ రాసే టైము లేదు. బండి ఊగుతోంది.

23 ఫిబ్రవరి, బుధవారం

నిన్నటిది వరసగా రాయాలి.

హాల్లో ప్రొజెక్టరు పెట్టారు. గోడంత తెర. మాది తొమ్మిదో నంబరు. కంప్యూటర్లు మా కంపెనీవే, అందుకని తెలుగు ఫాంటు గురించి భయం లేదు. గణేష్‌బాబు గారు సంచీలోంచి సీడీ తీసి నాకిచ్చారు. డ్రైవ్‌లో పెట్టాను. గరగరమంది. బయటకి తీశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ గరగర.

తిప్పి చూశాను. మెరిసే వైపు మూడు గంధం బొట్లు, మధ్యలో కుంకుమ. ఎండి పెచ్చులు కట్టాయి.

స్టేషన్‌కు వచ్చే ముందు భాస్కరం గారు గణేష్‌బాబు గారిని ఇంటికి పిలిచి సీడీని సరస్వతి పటం ముందు పెట్టి పూజ చేయించారట. పైన అక్షరాలున్నాయి కదా, అక్షరాల మీద బొట్టు పెట్టకూడదని వెనక పెట్టారు. ఖాళీగా, అద్దంలా ఉందని.

చున్నీతో తుడిచాను. గంధం వదిలింది, గీతలు మిగిలాయి. మైకులో మా స్కూలు పేరు రెండోసారి పిలిచారు. అప్పుడు నా బ్యాగ్‌లో ఫ్లాపీ ఉందని గుర్తొచ్చింది. తీశాను. రామతులసి ఫ్లాపీని చూసింది, నన్ను చూసింది. వద్దండి అంది. చాలా మెల్లగా. గణేష్‌బాబు గారు అప్పటికే స్టేజీ మీదకి వెళ్ళిపోయారు.

ఫ్లాపీ పెట్టాను. పాఠం మొదలైంది. గోడంత అక్షరాలతో ఆమె పేరు, కింద విద్యా వాలంటీరు అని.

గణేష్‌బాబు గారు వెనక్కి తిరిగి చూసి, ఒక్క క్షణం ఆగి, మొదలుపెట్టారు. బాగానే నడిచింది. చివర్లో జడ్జీల్లో ఒకావిడ, తెల్లజుట్టు, బహుశా రిటైరైన ప్రిన్సిపాలు, పడవ ఎగువ నుంచి దిగువకు రావాలంటే ఏం చేస్తారండీ అని అడిగారు. పాఠంలో ఆ క్లిక్కులు లేవు, ఆయన బట్టీ పట్టిందీ అంతవరకే. రామతులసి అని ఉంది కదా, ఆవిడ ఎవరు, చెప్పమనండి అన్నారు ఆవిడ.

రామతులసి లేచి చెప్పింది. మైకు లేకుండా. చేతులే తలుపులు చేసి చూపించింది. హాల్లో వెనక వరుస దాకా వినబడింది.

రైల్లో గణేష్‌బాబు గారు మా ఇద్దరికీ వేరుశనక్కాయలు కొనిపెట్టారు. తెర మీద నా పేరుంటే ఆ ప్రశ్నకి నేనే చెప్పాల్సొచ్చేది మేడమ్, గంధం నన్ను బతికించింది అని నవ్వారు. ఆయన నవ్వు నిజమే. రామతులసి కిటికీ పక్కన కూర్చుంది. కాయలు వలిచి, గింజలు తినకుండా పొట్లంలో పోగేసింది. నిడదవోలులో దిగాక ఆ పొట్లం నా చేతిలో పెట్టి బస్సెక్కింది.

24 ఫిబ్రవరి, గురువారం

నిన్న వరసగా రాశానన్నాను. ఒకటి వదిలేశాను.

స్లైడ్ షో మొదలుపెట్టడానికి రెండు దారులున్నాయి. రెండో స్లైడ్ మీదకి వెళ్ళి కింద ఎడమపక్క చిన్న బొమ్మ నొక్కితే అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఇది నేను టీచర్లందరికీ జూలైలోనే నేర్పాను. F5 నొక్కితే మొదటి నుంచి వస్తుంది.

నేను F5 నొక్కాను.

కంగారులో కాదు. ఆమె వద్దండి అన్నాక, స్టేజీ మీద ఆయన గొంతు సవరించుకున్నాక, నాకు రెండూ గుర్తొచ్చాయి. ఒకటి ఎంచుకున్నాను.

న్యాయం కోసం అని రాసుకుంటే బాగుంటుంది. రాయబుద్ధి కావట్లేదు.

9 మార్చి, బుధవారం

ఏలూరు విద్యాశాఖ ఆఫీసు నుంచి మెమో. రెగ్యులర్ ఉపాధ్యాయుల పోటీలో అర్హత లేని వాలంటీరు ఎలా పాల్గొన్నారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. మూడో స్థానం వచ్చిన స్కూలువాళ్ళు ఫిర్యాదు చేశారని అటెండరు చెప్పాడు.

భాస్కరం గారు మెమో నాకు చూపించారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. గంధం పెట్టింది నేనే కదమ్మా, నాదే పొరపాటు అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ పేరు రాకుండా చూసే ఉపాయం ఏదీ లేకపోయిందా అని అడిగారు.

లేదండి అన్నాను.

10 మార్చి, గురువారం

ఉందండి అని చెప్పడానికి రెండుసార్లు ఆయన గది దాకా వెళ్ళాను. మొదటిసారి ఎవరో ఉన్నారు. రెండోసారి ఎవరూ లేరు.

22 ఏప్రిల్, శుక్రవారం

చివరి పనిదినం. వాలంటీర్లను రిలీవ్ చేశారు. జూన్‌కు పంపే కాగితం మీద రామతులసి పేరు లేదు. సంజాయిషీలో, సదరు వాలంటీరును ఇకపై కొనసాగించబోమని రాయాల్సొచ్చిందమ్మా, లేకపోతే నా పెన్షన్ కాయితాల్లోకి ఎక్కుతుంది అన్నారు భాస్కరం గారు. ఆయనకు ఇంకో ఏడాదిన్నర సర్వీసు ఉంది. మాటిచ్చాను, మాట తప్పాను అని కూడా అన్నారు. పెద్దాయన నా ముందు తలదించుకున్నారు. నేను ప్లాస్టిక్ కవర్లు లెక్క చూసుకున్నాను.

రామతులసి ఎనిమిదో తరగతి రిజల్టు షీట్లు పూర్తిచేసి, సైన్స్ బీరువా తాళం గణేష్‌బాబు గారికి ఇచ్చి వెళ్ళింది. ఆయన తాళం తీసుకుని, జేబులో వేసుకుని, మళ్ళీ తీసి చూశారు.

ల్యాబ్‌కు రాలేదు. మార్చి నుంచీ రావడం లేదు.

16 మే, సోమవారం

సెలవుల్లో కూడా కంప్యూటర్లు వారానికోసారి ఆన్ చేయాలి. వెళ్ళాను. హెడ్మాస్టర్ గారి బల్ల మీద ఏలూరు నుంచి, ఆ మెమో ఇచ్చిన ఆఫీసు నుంచే, పెద్ద కవరు. ద్వితీయ బహుమతి సర్టిఫికెట్. జడ్జీగారు తెర మీద చూసిన పేరే రాసుకున్నారు కాబోలు. శ్రీమతి రామతులసి అని అచ్చేశారు. ఆమెకు పెళ్ళి కాలేదు.

అటెండరు వెళ్ళనన్నాడు, ఎండ అని. నేను తీసుకెళ్ళాను.

లాకు పక్కన పాత లస్కరు క్వార్టర్సు. వేసవికి కాలవలో నీళ్ళు కట్టేశారు. అడుగున బురద, నెర్రెలు, ఒక చెప్పు, ఇరుక్కుపోయిన గుర్రపుడెక్క మొక్కలు. లాకు తలుపులు ఇంత పెద్దవని నీళ్ళున్నప్పుడు తెలియలేదు. పోతురాజు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. కంప్యూటరమ్మగారా, రండి అన్నారు. మా లాకుని గోడ మీదేసి చూపించారంట గదండీ, జిల్లా అంతా చూసిందంట. మజ్జిగ తేవే అని లోపలికి కేకేశారు. ఆయనకు ఇంకేమీ చెప్పినట్టు లేదు.

రామతులసి మజ్జిగ తెచ్చింది. సర్టిఫికెట్ చూసి, శ్రీమతి అన్న మాట మీద గోరుతో ఒకసారి గీరి, మడతపెట్టకుండా చాపకింద పెట్టింది.

నన్ను రోడ్డు దాకా సాగనంపింది. నాన్నగారికి జూన్ సంగతి చెప్పలేదా అన్నాను. స్కూళ్ళు తెరిచినరోజు ఇంట్లో ఉంటే ఆయనకే తెలుస్తుంది కదండీ అంది. నిడదవోలులో ఒక కాన్వెంటులో అడిగిందట. ఇంగ్లీషులో మాట్లాడమన్నారట.

తరవాత అడిగింది. పిల్లల్ని అడిగినట్టు, జవాబు కోసం ఆగి. కింద చిన్న బొమ్మ నొక్కితే రెండోదాన్నుంచి వస్తుందని నాక్కూడా మీరే నేర్పారు కదా హైమగారూ, మరి ఎందుకు నొక్కలేదు?

మీ పేరు అందరూ చూడాలనిపించింది అన్నాను.

నాకు కాదండి అంది. మీకు చూడాలనిపించింది. అక్కడ ఏం జరుగుతుందో.

బస్సు వచ్చింది. ఆపమని చెయ్యి తనే ఎత్తింది.

17 మే, మంగళవారం

అవును.

10 జూన్, శుక్రవారం

కంపెనీ లెటరు. లాకు పాఠం జిల్లాలో అన్ని స్కూళ్ళకూ పంపుతారట. ఫైల్ అడిగారు. తయారు చేసినవారి కాలమ్‌లో కంపెనీ పేరు వేస్తారట, అది పాలసీ. మొదటి స్లైడ్ తీసేసి పంపమన్నారు.

భాస్కరం గారికి ఒక ఉత్తరం రాశాను. ఉపాయం ఉందని, అది నాకు తెలుసునని, రామతులసి వద్దన్నదని, తప్పు వాలంటీరుది కాదు కంపెనీ ఉద్యోగినిదని, ఆఫీసుకు అలాగే రాయమని. నా సంతకం. కాపీ కంపెనీకి. పోస్టు డబ్బాలో వేసేటప్పుడు చెయ్యి డబ్బా లోపలిదాకా వెళ్ళింది.

ఫైల్ పంపలేదు.

13 జూన్, సోమవారం

స్కూలు తెరిచారు. భాస్కరం గారు ఉత్తరం చదివారు. మార్చిలో ఇచ్చి ఉంటే దీంతో ఏదో ఒకటి చేసేవాణ్ణమ్మా, పేర్లు కిందటి గురువారమే వెళ్ళిపోయాయి అన్నారు. అయినా పంపుతాను అన్నారు. కవరు మీద ఆయనే స్వయంగా అడ్రసు రాశారు. నెలాఖరుకు నన్ను కూడా మారుస్తారనుకుంటాను. ఫోన్లో కంపెనీ గొంతు మర్యాదగా ఉంది.

17 జూన్, శుక్రవారం

కొత్త వాలంటీరు ఇంకా చేరలేదు. ఎనిమిదో తరగతికి లాకు పాఠం నేనే, ఆ ఫ్లాపీలోంచి చూపించాను. మొదటి స్లైడ్‌తో సహా.

పక్కూరి నుంచి ఈ ఏడే వచ్చి చేరిన పిల్ల ఆ పేరు పైకి చదివింది. ఈ టీచరుగారు మాకు ఏ రోజు వస్తారండీ అని అడిగింది.

మిగతా పిల్లలు నా వైపు చూశారు.

మౌస్ నొక్కాను. పడవ లోపలికి వచ్చింది. వెనక తలుపులు మూసుకున్నాయి. నీళ్ళు నిండడం మొదలైంది.